పాసు పుస్తకం పంట పండించదు

ఇది చదివాక మా క్లాసులో సగం మంది నాతో మాట్లాడటం మానేస్తారు. మానెయ్యనీ. నాది కోనసీమ, బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. రైతు బిడ్డలమని రాసి సీట్లు తెచ్చుకున్న మనలో చాలామంది నాన్నలు మడిలో కాలు పెట్టి ఎన్నేళ్లయింది? అడుగుతున్నాను, చెప్పండి.

వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతు కుటుంబాలకు 40 శాతం సీట్లు ఉంచారు. న్యాయమే. కానీ ఆ కోటా అడిగేది భూమి కాగితాన్ని, చేతి కాయల్ని కాదు. దమ్ము చేసి, ఊడ్చి, కోసి, నూర్చి, కౌలు బస్తాలు కామందు అరుగు మీద దించి వెళ్లే మనిషి కూతురికి ఆ కాగితం లేదు. అరుగు మీద కుర్చీ వేసుకుని బస్తాలు లెక్కపెట్టుకున్నాయన కొడుక్కి ఉంది. వాడు రైతు బిడ్డ. ఆ అమ్మాయి ఎవరు?

సరే, సీటు వచ్చింది. వచ్చాక ఏం చేస్తున్నాం? మొదటి ఏడాది నుంచే బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు కోచింగ్, లేదంటే పురుగుమందుల కంపెనీ, కాదంటే గ్రూప్స్, అదీ కాదంటే అమెరికా. ఉద్యోగం తప్పని నేననను, ఇల్లు గడవాలి. చేనుకు దూరంగా పారిపోవడానికి చేను పేరు వాడుకోవడం మాత్రం సిగ్గుమాలిన పని. 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం స్వర్ణ వంగడాన్ని ఇచ్చింది. ఈ డెల్టా బురదలో పుట్టిన ఆ ఎంటీయూ 7029 ఒడిశా, బెంగాల్ పొలాల దాకా వెళ్లింది. మన చదువుకు అంత సత్తా ఉంది. ఆశే చచ్చింది.

చివరి ఏడాదిలో మమ్మల్ని రావెప్, అంటే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద పల్లెకు పంపుతారు. దోమపోటు గురించి నేను గడగడా చెబుతుంటే ఒక కౌలు రైతు మధ్యలో ఆపాడు. ‘‘మందు సంగతి నాకు తెలుసండి బాబూ. నా పేరు మీద బ్యాంకులో అప్పు పుట్టే దారి మీ పుస్తకంలో ఉందాండి?’’ లేదు. దారి చట్టంలో ఉంది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకు కార్డు వస్తుంది. కార్డుంటే పంట రుణానికి, బీమాకి, నష్టపరిహారానికి అర్హత. అయితే ఆ కాగితం మీద భూయజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం దగ్గరే మన పెద్దమనుషుల చేతులు పడిపోతున్నాయి. తుఫాను వచ్చి కళ్లంలో ధాన్యం మొలకెత్తితే మునిగేది కౌలుదారు. పరిహారం పడేది పాసు పుస్తకమున్నాయన ఖాతాలో. ఆ డబ్బు తీసుకున్న చేత్తో ముద్ద ఎలా దిగుతోందయ్యా మీకు?

2011 సార్వాకు కోనసీమ క్రాప్ హాలిడే ప్రకటించింది. గిట్టుబాటు ధర లేదు, పూడిపోయిన డ్రెయిన్లు పంటను ముంచేస్తున్నాయి. కోపం ధర్మమైనదే. 2022లో మళ్లీ అదే మాట వినిపించింది. కానీ చేను బీడు పెడితే భూమి ఉన్నవాడు ఓ పంట నష్టపోతాడు, భూమి లేనివాడికి ఆ ఏడు పొయ్యి వెలగదు. ఆ సంగతి ఎంతమంది మైకులో చెప్పారు?

నా సంగతి అడుగుతారు కదా, చెబుతాను. చదువయ్యాక మా ఊళ్లో కౌలు రైతులతో కలిసి విత్తన ధాన్యం పండిస్తాను. మారుటేరు వంగడాల ఫౌండేషన్ విత్తనం తెచ్చి, కేళీలు ఏరి, తనిఖీలు చేయించి, ధ్రువీకరించిన విత్తనంగా అమ్ముతాం. ఈ మాట వినగానే మా మావయ్య ‘‘నాలుగేళ్లు చదివి మళ్లీ బురదలోకేంట్రా, పిల్లనెవడిస్తాడు?’’ అన్నాడు. సభల్లో అన్నదాత అంటూ కళ్లు తుడుచుకునేదీ ఆయనే. ఇంట్లో రైతంటే అల్లుడిగా పనికిరానివాడు, వేదిక మీద దేవుడు. ఈ రెండు నాలుకల బతుకు చూసి చూసి నాకు ఒళ్లు మండిపోతోంది.

విత్తన సాగుకు పెట్టుబడి కావాలి. పెట్టుబడికి అప్పు, అప్పుకు కార్డు, కార్డుకు మీ సంతకం. జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు. ఆకుమళ్లు పోసేలోగా మీ కౌలుదారుని పిలిచి సంతకం పెట్టండి. భూమి మీద వాళ్లకు ఏ హక్కూ రాదని ఆ చట్టమే చెబుతోంది. నమ్మకం లేకపోతే అగ్రికల్చర్ చదువుతున్న మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి. విన్నాక కూడా పెట్టనంటారా? అయితే ఇంకెప్పుడూ నా ముందు రైతునని చెప్పుకోకండి.