గ్రాములు తూచి... గాల్లోకి!

ఆనందపురం అనగానే విశాఖ జనానికి పూల మార్కెట్ గుర్తొస్తుంది. బంతి, చామంతి, లిల్లీ... ఏ పువ్వయినా తెల్లారేసరికి అక్కడికి రావాల్సిందే, కాటా ఎక్కాల్సిందే. తూకంలో పది గ్రాములు అటూ ఇటూ అయితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఆ ఊళ్లోనే ఏ ఇంజినీరింగ్ కుర్రాడో రెండు మీటర్ల రెక్కలున్న విమానాన్ని సొంతంగా తయారుచేసి రేడియో రిమోట్‌తో ఎగరేస్తానన్నాడనుకోండి. అప్పుడు ఆ పది గ్రాములే పెద్ద సమస్య! ఎందుకో తెలిస్తే ఆ సరదాలోని మజా, అందులో దాగిన ప్రమాదం రెండూ అర్థమవుతాయి.

విశాఖ పిల్లలకు విమానాల పిచ్చి పట్టడం వింతేమీ కాదు. నౌకాదళం వాడిన టీయూ-142 విమానం 2017 డిసెంబరు నుంచి బీచ్‌రోడ్డులో మ్యూజియంగా మారి చూపరులను పిలుస్తోంది. ఆ రెక్క కొస నుంచి ఈ రెక్క కొసకు 50 మీటర్లు. అందులో ఇరవై అయిదో వంతు తీసుకుంటే 2 మీటర్లు. మోడల్ విమానాల అభిమానులు ‘జెయింట్’ అనేది దాదాపు ఆ సైజు నుంచే. ఒక జత రెక్కల విమానమైతే 80 అంగుళాలు ఉండాలన్నది వాళ్ల లెక్క.

‘అంత కష్టపడటమెందుకు, రెడీమేడ్‌ది కొనుక్కుంటే పోలా?’ అని ఇంట్లో పెద్దలు అడుగుతారు. కొనుక్కోవచ్చు. పెట్టె విప్పి, రెక్కలు బిగించి ఎగరేయొచ్చు కూడా. కానీ అది కిందపడితే ఏది ఎందుకు విరిగిందో తెలీదు. సొంతంగా చేసినవాడికి అందులో ఏ పుల్ల ఎక్కడుందో, ఎంత బరువుందో తెలుసు. తేడా అక్కడే.

కవలల ‘గఫ్’

రేడియోతో విమానాన్ని నడపడం కొత్త ముచ్చటేం కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊళ్లో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అని కవల సోదరులుండేవారు. ఒకరికి విమానాల పిచ్చి, ఇంకొకరికి రేడియోల పిచ్చి. ఇద్దరూ కలిసి 1937లో ‘గఫ్’ అనే విమానాన్ని రేడియోతో ఎగరేశారు. దాని రెక్కలు 8 అడుగులు. అంటే ఇవాళ్టి లెక్కలో అదీ జెయింటే! మరి అంత పెద్దది ఎందుకు చేశారు? అప్పట్లో రేడియో అంటే గాజు వాల్వులు, బరువైన బ్యాటరీలు. వాటిని మోయాలంటే పెద్ద రెక్క కావాలి. ఇప్పుడు రిసీవర్ అగ్గిపెట్టె అంత కూడా లేదు. అయినా చాలామంది కొత్తవాళ్ల విమానాలు బరువెక్కి మూలన పడుతున్నాయి. కారణం రేడియో కాదు. ‘గట్టిగా ఉండాలి కదా’ అంటూ అవసరం లేనిచోట కూడా వాడేసే ప్లైవుడ్డు, జిగురు.

రెండు కిలోలతో ఏమవుతుంది?

ఒక లెక్క చూడండి. రెక్క పొడవు 2 మీటర్లు, వెడల్పు 35 సెంటీమీటర్లు. మొత్తం బరువు 5 కిలోలు. ఈ విమానం గాల్లో నిలబడాలంటే గంటకు సుమారు 36 కిలోమీటర్ల వేగమైనా ఉండాలి. అంతకంటే తగ్గితే రెక్క పట్టు తప్పి కింద పడుతుంది. అదే విమానం 7 కిలోలకు పెరిగితే? కనీస వేగం 42 దాకా వెళ్తుంది. ‘ఆరు కిలోమీటర్లే కదా’ అనుకోకండి. బరువూ పెరిగింది, వేగమూ పెరిగింది. దాంతో నేలను తాకేటప్పుడు దెబ్బ దాదాపు రెట్టింపవుతుంది.

ఇక అది 70 కిలోమీటర్ల వేగంతో ఎగురుతూ అదుపు తప్పిందనుకోండి. ఆరంతస్తుల మేడ మీద నుంచి 5 కిలోల బియ్యం సంచి జారవిడిస్తే ఎంత దెబ్బో, అంత దెబ్బ. అందుకే దీన్ని ‘బొమ్మ’ అనే పిలిచినా, బొమ్మలా చూడకూడదు.

కాటా పక్కనే కార్ఖానా

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద బరువుల పట్టిక రాసుకోవాలి. 5 కిలోల విమానంలో బ్యాటరీ సుమారు 800 గ్రాములు. మోటారు 400. చుక్కానినీ రెక్క రేకుల్నీ కదిలించే సర్వోలు అయిదు కలిపి పావుకిలో. స్పీడ్ కంట్రోలర్, రిసీవర్, వైర్లు కలిపి నూట యాభై. చక్రాలు, వాటి కాళ్లు, ముందుండే పంకా మరో 400. అన్నీ కలిస్తే రెండు కిలోలు అయిపోయాయి. మిగిలిన 3 కిలోల్లోనే రెక్కలు, ఒళ్లు, తోక, జిగురు, పైన అతికించే ఫిల్మ్, రంగు అన్నీ సరిపెట్టాలి. వంటింట్లోని డిజిటల్ కాటా ఇక్కడికి మారకతప్పదు!

అసలు పని కర్ర ఎంపికతో మొదలవుతుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర చెక్కడానికి మెత్తనే. కానీ విమానానికి అది కూడా బరువే. అందుకే ప్రపంచమంతా ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వచ్చే బాల్సా కర్రను వాడుతుంది. ఘనపుటడుగు బాల్సా నాలుగున్నర కిలోలు తూగితే, టేకు అందుకు నాలుగు రెట్లు తూగుతుంది. బాల్సా ఖరీదనుకుంటే థర్మోకోల్ దిమ్మెను వేడి నైక్రోమ్ తీగతో రెక్క ఆకారంలో కోసి, పైన బ్రౌన్ పేపర్‌ను నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించొచ్చు. ఫెవిక్విక్ లాంటివి మాత్రం థర్మోకోల్‌కు తగలనివ్వకూడదు. కరిగి గుంట పడుతుంది.

పాత ఫ్లష్ డోర్ ఒకటి దొరికితే పనిబల్ల సిద్ధమైనట్టే. అది వంకర లేకుండా ఉంటుంది. దాని మీద అసలు సైజులో గీసిన ప్లాను పరిచి, పైన పాలిథిన్ షీటు కప్పితే జిగురు ప్లానుకు అంటుకోదు. రెక్క అడుగు చదునుగా ఉండే ‘క్లార్క్ వై’ ఆకారం కొత్తవాళ్లకు అనువు. 1922లో తయారైన డిజైనే అయినా దీన్ని బల్ల మీద పెట్టి కట్టడం తేలిక. రెక్క లోపల అడ్డంగా వచ్చే రిబ్బులు ఒక్కో వైపు 13, మొత్తం 26. ప్లైవుడ్డుతో రెండు అచ్చులు కోసి, వాటి మధ్య బాల్సా ముక్కలన్నీ పేర్చి బిగించి, ఒకేసారి గరుకు కాగితంతో రుద్దితే అన్నీ ఒకేలా వస్తాయి.

ఒక్కో రిబ్బుకు మధ్యలో కన్నాలు చేస్తే గ్రామున్నర తగ్గుతుంది. ‘గ్రామున్నరేనా?’ అనిపిస్తుంది. 26తో గుణించండి, 40 గ్రాములు! ఇలాంటి పొదుపు పదిచోట్ల చేస్తే దాదాపు అరకిలో మిగులుతుంది.

మరో మాట. రెండు మీటర్ల రెక్కను ఒకే ముక్కగా చేస్తే గుమ్మం దాటించడం కష్టం, ఆటోలో పట్టదు. రెండు సగాలుగా చేసి, మధ్యలో అల్యూమినియం గొట్టంతో కలిపేలా ముందే ఆలోచించుకోవాలి. సముద్రపు తేమకు బాల్సా వంకర తిరుగుతుంది కాబట్టి కట్టిన రెక్కను ఫిల్మ్ వేయకుండా వారాల తరబడి గోడకు ఆనించి వదిలేయకూడదు.

తోక దగ్గర పిసినారితనం

విమానం మొత్తం బరువు ఎంతన్నది సగం లెక్కే. ఆ బరువు ఎక్కడుందన్నది మిగతా సగం. రెక్క ముందు అంచు నుంచి పది సెంటీమీటర్ల లోపల రెండు వైపులా వేళ్లు పెట్టి విమానాన్ని ఎత్తితే అది తక్కెడలా నిలవాలి. ముక్కు కొద్దిగా కిందికి వాలినా ఫర్వాలేదు. తోక కిందికి వాలిందా, ఎగరేయొద్దు. ముక్కు బరువైన విమానం మొండికేస్తుంది. తోక బరువైనది మాత్రం చెప్పిన మాట వినకుండా లేచి, తిరగబడి, నేలకొస్తుంది.

తోక పొడుగ్గా వెనక్కి ఉంటుంది కాబట్టి అక్కడ చేరిన ప్రతి పది గ్రాములకూ ముందు ముప్ఫై గ్రాముల వరకూ సీసం పెట్టి సరిచేయాల్సి వస్తుంది. మొదట్లో చెప్పిన పది గ్రాముల గొడవ ఇదే. తోక మీద ఇష్టంగా వేసిన రంగుల బొమ్మ కూడా బరువే మరి!

రెండు మిక్సీల బలం

5 కిలోల విమానానికి 1,100 వాట్ల దాకా శక్తి కావాలి. ఇంట్లోని రెండు మిక్సీలు ఒకేసారి తిరుగుతున్నట్టు ఊహించుకోండి. ముందుండే 16 అంగుళాల పంకా నిమిషానికి 7,000 సార్లు తిరిగితే దాని కొస గంటకు 500 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. తిరిగేటప్పుడు అది కంటికి కనబడదు, వేలు పెడితే మాత్రం ఆలోచించే టైముండదు. అందుకే ఇంట్లో పరీక్షలన్నీ పంకా బిగించకుండానే చేయాలి. మైదానంలో అందరూ దాని వెనకే నిలబడాలి.

లిథియం పాలిమర్ బ్యాటరీతోనూ జాగ్రత్తే. ఉబ్బినదాన్నీ, దెబ్బ తిన్నదాన్నీ మళ్లీ ఛార్జ్ చేయకూడదు. రాత్రి ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోకూడదు. సెల్‌ఫోన్‌లా అనుకుంటే ఇల్లు కాలే ప్రమాదముంది. గాల్లోనూ దాన్ని పూర్తిగా పిండేయకూడదు. ఎనిమిది నిమిషాలకు టైమర్ పెట్టుకుని దించేస్తే కాస్త ఛార్జ్ మిగిలే ఉంటుంది. మొదటిసారి దిగడం కుదరకపోతే మరో చుట్టు తిరగడానికి అదే ఆధారం.

ఎక్కడ ఎగరేయాలి?

అసలు చిక్కు ఇక్కడే. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. చదువు, పరిశోధన, సరదా కోసం కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు విమానాలకు టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. కానీ బరువు 2 కిలోలు దాటితే అది ‘స్మాల్’ తరగతిలోకి వస్తుంది. రిజిస్ట్రేషన్, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ లాంటివి ముందే తేల్చుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఎవరో చెప్పింది కాకుండా పౌర విమానయాన శాఖ తాజాగా ఏం చెబుతోందో చూడాలి.

దేశం మ్యాప్‌ను ఎరుపు, పసుపు, పచ్చ జోన్లుగా విడదీశారు. పచ్చ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకూ ఎగరేయొచ్చు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే 200 అడుగులే. ఇటు విశాఖ విమానాశ్రయానికీ అటు భోగాపురానికీ ఆనందపురం 12 కిలోమీటర్ల కంటే దూరమే. అంతమాత్రాన నిశ్చింతగా ఉండలేం. భీమిలి దారిలో నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. తూర్పు నౌకాదళం కొలువున్న నగరంలో ఏ పొలం పైన ఏ రంగు ఉందో మ్యాప్ చూడకుండా చెప్పలేం. ఎర్ర జోన్ అయితే కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు.

మ్యాప్ సరేనంటే చాలదు, నేల కూడా సరేననాలి. ఆనందపురం దగ్గర జాతీయ రహదారి ఉంది, పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రోడ్డుంది, కరెంటు తీగలున్నాయి. ఇంకో ఇబ్బందీ ఉంది. సముద్రం గాలి పుంజుకోకముందే, అంటే తెల్లవారుజామునే విమానానికి మంచి సమయం. పూలతోటల్లో కూలీలు వంగి పూలు కోసేదీ అప్పుడే! వరి కోతలయ్యాక ఖాళీగా ఉన్న పెద్ద పొలాన్ని చూసుకుని, రైతును అడిగి, చుట్టుపక్కల ఎవరూ పనిలో లేరని తేల్చుకున్నాకే విమానాన్ని బయటకు తీయాలి. ఎవరైనా ఉంటే ఆ రోజుకు మానుకోవాలి.

ఇంట్లోవాళ్ల పని

చేయడం వచ్చినవాడికి నడపడం వచ్చి తీరాలనేం లేదు. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ తికమక పోవాలంటే ముందు కంప్యూటర్ సిమ్యులేటర్ మీద, తర్వాత చిన్న ఫోమ్ విమానం మీద చేయి తిరగాలి. పెద్ద విమానాన్ని మొదటిసారి అనుభవం ఉన్నవాళ్ల చేత ఎగరేయించడం నామోషీ కాదు. రిమోట్ సిగ్నల్ తెగితే మోటారు దానంతటదే ఆగిపోయేలా ‘ఫెయిల్‌సేఫ్’ పెట్టి, అది పనిచేస్తోందో లేదో పంకా తీసేసి చూసుకోవాలి.

మేనార్డ్ హిల్ అనే అమెరికన్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 2003 ఆగస్టులో ఆయన బాల్సాతో చేసిన విమానం కెనడా తీరం నుంచి లేచి అట్లాంటిక్ దాటి ఐర్లండ్‌లో దిగింది. దాదాపు 3,030 కిలోమీటర్లు, 38 గంటల 52 నిమిషాలు! రికార్డు నిబంధన ప్రకారం ఇంధనంతో కలిపి 5 కిలోలు మించకూడదు. నాలుగు లీటర్లు కూడా పట్టని ఇంధనంతో సముద్రం దాటాలంటే ఎన్ని గ్రాములు చెక్కి ఉంటాడో! అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. చూపు దాదాపు పోయింది, వినికిడీ అంతే. అంతకుముందు పంపిన విమానాలేవీ అవతలి ఒడ్డు చేరలేదు. ఆయన విమానం లేపితే, ఐర్లండ్‌లో వేరొకరు దించారు.

ఆనందపురం కుర్రాడికి కూడా పక్కన ఒక మనిషి కావాలి. నాన్నో, అక్కో, బాబాయో... ఎవరైనా సరే. నడిపేవాడి కళ్లు ఆకాశం మీదుంటాయి కాబట్టి, పొలం గట్టు మీదకు ఎవరొస్తున్నారో చూసి చెప్పేవాళ్లు ఉండాలి. ‘గాలి లేచింది, ఇవాళ వద్దురా’ అని చెప్పగలిగితే ఇంకా మంచిది. నెలల తరబడి కష్టపడి చేసిన విమానాన్ని ఎగరేయకుండానే మళ్లీ ఆటోలో పెట్టుకుని రావడం ఏ కుర్రాడికైనా మనసుకు కష్టమే. కానీ వచ్చే ఆదివారానికి విమానం అలాగే ఉంటుంది, గట్టు మీద నడిచినవాళ్లూ క్షేమంగా ఉంటారు.