టవర్ ఇచ్చారు సరే, బ్యాటరీ ఏది?



మీ ఊరి పక్క కొండ మీద టవర్ ఉందా? ఉంటే ఒక్కటి చెప్పండి. కరెంటు పోయాక అది ఎన్ని గంటలు బతుకుతుంది?

మాది పాడేరు ఏజెన్సీ. మా టవర్ మొదట్లో ఒక పూట నిలబడేది. రెండు వానాకాలాలు గడిచేసరికి, కరెంటు పోయిన అరగంటకే సిగ్నల్ కూడా పోతోంది. గాలివానకు చెట్టు విరిగి లైను మీద పడితే మూడు రోజులు చీకటే. సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే 108కి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది. డోలీ ఏ మలుపు దాకా మొయ్యాలో అంబులెన్స్ డ్రైవర్‌ని అడగాల్సి వస్తుంది. సిగ్నల్ కోసం ఒకడు గుట్ట ఎక్కాడంటే డోలీ మొయ్యడానికి ఒక భుజం తగ్గినట్టే.

అడిగితే ఏమంటారు? "కొండ ప్రాంతం కదా, ఏటి చేస్తాం!" తప్పు కొండది కాదు, లెక్కది. ఆ లెక్క మనమే వేద్దాం రండి.

టవర్ పరికరాలు 48 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. కరెంటు ఉన్నంతసేపు రెక్టిఫయర్ ఏసీని డీసీగా మార్చి పరికరాలను నడుపుతూ బ్యాటరీని నింపుతుంది. కరెంటు పోగానే బ్యాటరీ అందుకుంటుంది. చిన్న సైట్ 10 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. రోజుకు 240 ఆంపియర్ అవర్లు. మరి 240 బ్యాటరీ సరిపోతుందా? సరిపోదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచూ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కాబట్టి 480 కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు, 300 చాలు. ఇదంతా ఒక్క రోజుకే!

మా టవర్ అరగంటకి ఎందుకు దిగింది? ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని వెంటనే పూర్తిగా నింపకపోతే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత నింపినా నిండదు. రోజూ కరెంటు పోయే ఊళ్లో దానికి పూర్తిగా నిండే తీరికేది? పట్నంలో ఏళ్ల తరబడి పనిచేసే బ్యాటరీ మన దగ్గర త్వరగా చచ్చిపోయేది అందుకే. ధర తక్కువని కొంటారు, మళ్లీ మళ్లీ మార్చాలి. మార్చరు. ఆ బాకీ మనం తీరుస్తాం.

లిథియం పెట్టేస్తే అయిపోయిందా? కాలేదు. ఛార్జింగ్ సెట్టింగులు దానికి తగ్గట్టు మార్చాలి. రెక్టిఫయర్ కూడా పెద్దది కావాలి. కరెంటు ఆరు గంటలే వస్తే, పోయిన 240 తిరిగి నింపడానికి 40 ఆంపియర్లు, టవర్ నడవడానికి మరో 10. నష్టాలు వదిలేసినా 50 కావాలి. చిన్న రెక్టిఫయర్ పెడితే ఎంత పెద్ద బ్యాటరీ అయినా సగం ఖాళీ కుండే. డీజిల్ జనరేటర్‌ని నమ్ముకుందామంటే, ఘాట్ రోడ్డు తెగిన రోజు డీజిల్ ఎవరు మోసుకొస్తారు? సోలార్ పలకలు తోడు పెట్టాలి, అదీ మబ్బు పట్టిన వానాకాలం లెక్కతో. అదనపు పరికరాలను ముందే ఆపేసి, కాల్స్‌కు కావలసినవి మాత్రం ఎక్కువసేపు నడిపే ఏర్పాటు చెయ్యాలి. ఇవన్నీ తెలిసిన విద్యలే. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

"వాడేవాళ్లు తక్కువ, గిట్టుబాటు కాదు" అంటారా? కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం ఇలాంటి ఊళ్ల కోసమే లెవీగా వసూలవుతోంది. ఆ ఆదాయంలో మన రీఛార్జీ డబ్బులూ ఉన్నాయి. 2022 జూలైలో కేంద్ర క్యాబినెట్ 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది. సిగ్నల్ వచ్చిన గ్రామాల లెక్కలోకి ఎక్కిన ఊరు, మూడు రోజులు మూగబోతే ఆ లెక్కలోంచి దిగుతుందా?

ఇంకో మాయ చూడండి. టవర్ల మొత్తం డౌన్‌టైమ్ 2 శాతం దాటకూడదని ట్రాయ్ ప్రమాణం. వంద టవర్లలో తొంభైతొమ్మిది బాగా పనిచేసి, మనది ఒక్కటి నెలంతా ఆగిపోయినా అది 1 శాతమే. పరీక్ష పాస్! సగటులో మన కొండ కనబడదు.

అందుకే "మాకు టవర్ కావాలి" అని మాత్రమే అడగడం ఇక చాలు. గ్రామసభ పెట్టండి, ఈ నాలుగూ తీర్మానంలో రాయండి: ఈ టవర్ ఎన్ని ఆంపియర్లు లాగుతుంది? బ్యాటరీ ఏ రకం, ఎంత సామర్థ్యం, ఏ సంవత్సరానిది? కరెంటు లేకుండా ఎన్ని గంటలు నడుస్తుందో చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? పాడైతే ఎన్ని రోజుల్లో మారుస్తారు? ప్రభుత్వ డబ్బుతో కట్టిన టవరైతే సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ శాఖకు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఈలోగా మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక నోటు పుస్తకం తీసుకోండి. కరెంటు పోయిన టైం, సిగ్నల్ పోయిన టైం, రెండూ తిరిగొచ్చిన టైం రాయండి. నెల రోజులు రాయండి. వాళ్ల దగ్గర సగటు ఉంటే, మన దగ్గర తేదీలతో సహా లెక్క ఉంటుంది.

కొండ మీద ఇనుప స్తంభం నిలబెట్టినంత మాత్రాన మాట ఊరు దాటదు. చీకట్లో కూడా మోగే ఫోన్ కావాలి. అది మన హక్కు, ఎవరో వేసే భిక్ష కాదు.