చేతికి తెలిసిన మీట, కంటిని లాగే తెర

మా పాత కారుకు పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను గడువు ముగియవచ్చింది. కొత్తది కొనాలని ఇంట్లో తీర్మానం జరిగింది. ఇంట్లో ఉండేది నలుగురం: డెబ్బయి ఆరేళ్ళ మా అమ్మ, నా భార్య, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి, నేను. నేను హోసూరులో వకీలును. వారానికి రెండుసార్లయినా కృష్ణగిరి కోర్టుకు పోవాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద, సూళగిరి మీదుగా, లారీల నడుమ సుమారు యాభై కిలోమీటర్ల ప్రయాణం అది. కనుక కారు ఎంపిక మాకు హోదాకు సంబంధించిన విషయం కాదు. నలుగురి ప్రాణాలకు సంబంధించినది.

మొదట చూసిన బండి డాష్‌బోర్డు అద్దంలా నున్నగా ఉంది. నడుమ ఒక పెద్ద టచ్ స్క్రీను. దాన్ని మనం తాకుతెర అనుకుందాం. ఏసీ, ఫ్యాను, రేడియో, దీపాలు, అన్నీ ఆ తెరలోనే. మా అమ్మాయికి బండి వెంటనే నచ్చింది. నడిపి చూద్దామని బయలుదేరాం. షోరూము యువకుడు నా పక్కన, ఇంటివాళ్ళు వెనక కూర్చున్నారు. సూళగిరి చేరకముందే వాన పట్టుకుంది. క్షణాల్లో ముందు అద్దం లోపలివైపు ఆవిరి కమ్మింది. పాత కారులో అయితే నా ఎడమచేయి తనంతట తానే పోయి ఆ మీటను తిప్పేది. ఇక్కడ ఆ మీట తెరలోని రెండో పుటలో ఉంది. నేను వెతికాను, దొరకలేదు. సాయం చేయబోయిన యువకుడి వేలు కూడా బండి కుదుపుకు పక్క గడిలో పడింది. తల ఎత్తేసరికి ముందున్న లారీ ఎర్ర దీపాలు అద్దం నిండా కనిపించాయి. గట్టిగా బ్రేకు తొక్కాను. దేవుని దయ, ఏమీ కాలేదు. వెనక నుంచి అమ్మ ఒక్కటే మాట అంది: “నాయనా, నువ్వు దారి చూడు. గాలి సంగతి తర్వాత చూసుకుందాం.”

ఆ రాత్రి నేను చిన్న లెక్క వేసుకున్నాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో 22 మీటర్లు ముందుకు పోతుంది. కన్ను రెండు సెకన్లు తెర మీద నిలిస్తే 44 మీటర్ల దారిని మనం చూడకుండా దాటినట్లే. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ రెండు సెకన్లనే హద్దుగా పెట్టాయి: బండిలోని ఏ పరికరాన్నయినా చూసే ఒక్కొక్క చూపు రెండు సెకన్లు దాటకూడదు, పని మొత్తం పన్నెండు సెకన్లలో ముగియాలి.

తెరను తప్పుబట్టడం పాతకాలపు మనిషి చాదస్తమని మా అమ్మాయి వాదన. వాదానికి సాక్ష్యం కావాలి కదా. స్వీడన్‌లోని ‘వీ బిలేగారె’ అనే మోటారు పత్రిక 2022లో ఒక పరీక్ష చేసింది. పదకొండు కొత్త కార్లను, మీటలు మాత్రమే ఉన్న 2005 నాటి వోల్వో ఒకదాన్ని విమానాశ్రయపు రన్‌వే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించి, డ్రైవర్ల చేత కొన్ని మామూలు పనులు చేయించింది. ఏ కారులో ఏది ఎక్కడుందో ముందే నేర్చుకొనే అవకాశం వారికి ఇచ్చింది కూడా. పాత వోల్వోలో ఆ పనులన్నీ పది సెకన్లలో, 306 మీటర్ల దూరంలో పూర్తయ్యాయి. అన్నిటికన్నా వెనకబడిన కొత్త బండి అదే పనులకు 1,300 మీటర్లకు పైగా దూరం పోయింది.

దీనికి కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. మీటకు ఒక చోటు ఉంది, ఆకారం ఉంది, తిప్పితే వేలికి తగిలే టక్కుమనే గుర్తు ఉంది. నాలుగు రోజులు నడిపితే చేయి దాన్ని నేర్చుకుంటుంది; కంటికి పని ఉండదు. తెర ఎక్కడ తాకినా ఒకేలా నున్నగా ఉంటుంది. వేలు సరైన చోట పడిందో లేదో కన్ను చూసి చెప్పవలసిందే. ఎన్నేళ్ళు వాడినా ఈ అవసరం పోదు.

నావికులకు కూడా ఈ సంగతి ప్రాణనష్టంతోనే తెలిసివచ్చింది. 2017 ఆగస్టులో సింగపూరు సమీపంలో అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకైన్ ఒక చమురు ఓడను ఢీకొని పదిమంది నావికులు మరణించారు. కారణాలు పలు ఉన్నా, నౌకను నడిపే తాకుతెరల అమరిక కూడా వాటిలో ఒకటని 2019 నాటి విచారణ నివేదిక తేల్చింది. వేగాన్ని అదుపు చేసే పనిని మళ్ళీ చేతి మీటలకు అప్పగిస్తామని ఆ ఏడాదే అక్కడి నౌకాదళం ప్రకటించింది.

ఇక చట్టం సంగతి. మన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షనుకు 2019లో చేసిన సవరణ ప్రకారం, బండి నడుపుతూ చేతిలో పట్టుకొనే సమాచార సాధనాన్ని వాడడం ప్రమాదకరంగా నడపడం కిందికి వస్తుంది. మొదటి తప్పుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గాని, వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మంచిదే. అయితే ‘చేతిలో పట్టుకొనే’ అన్న మాటను పాఠకులు గమనించాలి. అరచేతిలోని ఆరు అంగుళాల తెర నేరం. డాష్‌బోర్డుకు బిగించిన పది అంగుళాల తెర ఆ మాటల పరిధిలోకి రాదు. కన్ను దారిని వదలడం రెండింటిలోనూ ఒకటే.

జర్మనీలో ఈ ప్రశ్న న్యాయస్థానం ముందుకే వచ్చింది. వానలో వైపర్ల వేగం మార్చడానికి తెర మీది పట్టికలో వెతుకుతూ ఒక వ్యక్తి కారును రోడ్డు దాటించాడు. బిగించిన తెర కూడా ఎలక్ట్రానిక్ పరికరమేనని, వైపరు కోసమైనా సరే, దాని మీద అంతసేపు చూపు నిలపడం తప్పేనని 2020లో కార్ల్స్‌రూహె ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. 200 యూరోల జరిమానా, నెల రోజుల పాటు బండి నడపరాదన్న నిషేధం ఖాయమయ్యాయి. తీర్పు సబబే. కానీ శిక్ష పడింది వైపరు మీటను తెరలో దాచినవాడికి కాదు, వానలో దాన్ని వెతుక్కున్నవాడికి. నా అభ్యంతరమల్లా అక్కడే.

మన చదువరులకు మనవి చేయవలసిన సంగతి మరొకటి ఉంది. పాత మీటల మీద అక్షరం దాదాపు ఉండేది కాదు. నీలం నుంచి ఎరుపుకు పోయే గీత, ఫ్యాను బొమ్మ, అద్దం మీద లేచే ఆవిరి బొమ్మ. ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఇటువంటి గుర్తులకోసమే ఉన్నది. హోసూరులో తమిళంలో చదివినవాడికీ, బళ్ళారిలో కన్నడంలో చదివినవాడికీ, బరంపురంలో ఒడియాలో చదివినవాడికీ అవి సమానంగా అర్థమవుతాయి. తెర వచ్చాక బొమ్మల పక్కన మాటలు వచ్చాయి. మేము చూసిన బండిలో ఆ మాటలు ఇంగ్లీషువి. మా అమ్మకు తెలుగు తప్ప చదవడం రాదు. పాత కారులో ముందు సీట్లో కూర్చుంటే, చలివేసినప్పుడు తానే మీట తిప్పుకొనేది. కొత్త బండిలో అడిగి చేయించుకోవాలి. తెర మీద తెలుగు కోరడం మన హక్కే, కోరుదాం. అయితే అక్షరంతో పనిలేని చోటికి అక్షరాన్ని తెచ్చి, అది చదవలేనివారిని పరాధీనులను చేయడం ఏ విధంగా ప్రగతి?

తెరకు శత్రువును కాను. బండి వెనక్కి తీసేటప్పుడు పసిబిడ్డ అడ్డం వస్తే చూపేది కెమెరా తెరే. తెలియని ఊళ్ళో దారి చెప్పేదీ అదే. పది మీటలకు బదులు ఒక తెర పెడితే తయారీ సులువవుతుంది, ఖర్చు కలిసివస్తుంది. అలాగని మీటలు ఎన్ని ఉంటే అంత మంచిదనీ అనను. గుర్తుపట్టలేనన్ని మీటలున్నా చిక్కే. నా వాదం ఒక్కటే: బండి కదులుతుండగా చేయవలసిన పని ఏదైనా చూడకుండా చేయగలిగేలా ఉండాలి.

ఈ మాట ఇప్పుడు తయారీదారులూ ఒప్పుకుంటున్నారు. ముఖ్యమైన పనులకు మీటలను తిరిగి తెస్తామని ఫోక్స్‌వాగన్ రూపకల్పన అధిపతి ఆంద్రేయాస్ మింట్ 2025లో ప్రకటించారు. ఐరోపాలో కార్ల భద్రతను అంచనా కట్టే యూరో ఎన్‌క్యాప్ 2026 జనవరి నుంచి ఇండికేటర్లు, హజార్డు దీపాలు, హారను, వైపర్లు, అత్యవసర పిలుపు, ఈ ఐదింటికీ విడిగా మీటలు లేకపోతే మార్కులు తగ్గించే పద్ధతి పెట్టింది. 2023 అక్టోబరు నుంచి మన దేశంలో అమలవుతున్న భారత్ ఎన్‌క్యాప్ కూడా నక్షత్రాలు ఇచ్చేటప్పుడు ఈ షరతును చేర్చాలి. మన వానలకూ ఉక్కకూ తగినట్లు ఆరోదిగా అద్దం మీది ఆవిరి తొలగించే మీటను కూడా కలపాలి.

అది జరిగేదాకా కొనేవారే పరీక్షకులు. షోరూములో నిలిపిన బండిలో కూర్చుని కళ్ళు మూసుకోండి. వైపరు, హారను, హజార్డు దీపాలు, ఆవిరి తొలగించే మీట, ఫ్యాను, ఒక్కొక్కటీ చేతితో వెతకండి. తర్వాత ఇంట్లో అందరికన్నా పెద్దవారిని పక్క సీట్లో కూర్చోబెట్టి చల్లదనం తగ్గించమనండి. రెండింటిలోనూ నెగ్గిన బండినే ఇంటికి తెచ్చుకోండి.

మేము అలాగే చేశాం. తెచ్చుకున్న బండిలో దారికీ కెమెరాకూ చిన్న తెర ఉంది, మిగతావన్నీ మీటలే. అమ్మాయికి కొంత అసంతృప్తి మిగిలింది. అమ్మ మాత్రం ముందు సీట్లో కూర్చుని, ఎవరినీ అడగకుండా, ఏసీ తగ్గించుకుంటున్నది.