సంతలో తూకం

బస్తరు సంతను తలచుకొని మురిసిపోయేవారికి ఒక పాత లెక్క గుర్తుచేయాలి. ఒకప్పుడు అక్కడ వర్తకులు ఉప్పు ఇచ్చి, దానికి సరితూకంగా సారపప్పు పట్టుకుపోయేవారు! చిన్న వర్తకుడు గనుక ధర్మాత్ముడనుకోనక్కరలేదు.

అయినా డోక్రా బొమ్మను కొండగావ్‌లోనే కొనడం నాకిష్టం. మట్టి రూపంపై మైనపు తీగలు చుట్టి, మరల మట్టి మెత్తి కాల్చి, మైనం కరిగిన చోట ఇత్తడి పోస్తారు. అచ్చు పగులగొట్టనిదే బొమ్మ బయటికి రాదు. అందుచేత ఏ రెండు బొమ్మలూ ఒకటి కావు. 2008లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఆన్‌లైన్ అంగడి దూరపు కొనుగోలుదారును దగ్గర చేస్తుందన్నది నిజమే. కాని చేసినవారికి ముట్టినదెంతో ఛాయాచిత్రం చెప్పదు. కొండగావ్‌లో అడగవచ్చు. అడిగాను. ఆ తరువాత బేరమాడడానికి నోరు రాలేదు.