మన చేతిపని: కెమెరా తెరకు నల్ల గూడు



కిందటి సంవత్సరం మే నెలలో చోడవరంలో (2022 వరకు విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా) మా మామ్మగారి 80వ పుట్టినరోజు కృతజ్ఞతా కూడిక జరిగింది. కూడిక ముగిశాక ఫోటో కోసం అందరం పెరట్లో నిలబడ్డాం. మిట్టమధ్యాహ్నపు ఎండ. డిజిటల్ కెమెరా తెరమీద మాకు కనబడింది మా ముఖమే! ఉజ్జాయింపుగా మీట నొక్కాం. సాయంత్రం చూసుకుంటే ప్రతి ఫోటోలోనూ మామ్మగారి తల పైభాగం తెగిపోయింది. నవంబరులో ఆమె ప్రభువునందు నిద్రించారు. మళ్లీ తీసే అవకాశం మాకు లేకపోయింది.

అందులో కెమెరా తప్పేమీ లేదు. తెర వెలుగు ఎండ ముందు చాలదు. పైగా తెరమీది గాజు ఆకాశాన్నీ, మన ముఖాన్నీ అద్దంలా చూపిస్తుంది. పాతకాలపు స్టూడియోలో ఫోటోగ్రాఫరు మూడుకాళ్ల కెమెరా వెనుక నల్లగుడ్డ కప్పుకొని తల దూర్చడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. గాజుపలక మీద పడే బొమ్మ వెలుతురులో కనబడదు గనుక ఆయన అలా చేసేవారు. మనకూ ఆ ఉపాయమే చాలు.

ముందుగా మీ కెమెరా తెరను కొలవండి. మూడంగుళాల తెర అంటే మూల నుండి మూలకు కొలత. మా తెర వెడల్పు 6.1, ఎత్తు 4.6 సెంటీమీటర్లు. దానికి 24 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. వెడల్పు గల నల్ల డ్రాయింగు షీటు తీసుకున్నాం. పొడవున వరుసగా 6.5, 5, 6.5, 5 సెం.మీ. దగ్గర మడిచి, మిగిలిన 1 సెం.మీ. అంచుకు జిగురు రాసి గొట్టంలా అతికించాం. ఒక చివర నాలుగు మూలలా 2 సెం.మీ. లోతు కత్తిరించి, రెక్కలను బయటికి మడిచాం. లెన్సుకు చెరో పక్కన పైనుండి కిందికి ఎలాస్టిక్ చుట్టి, పక్క రెక్కలను కెమెరాకు బిగించాం. కుడి రెక్క మీటలకు అడ్డువస్తే సన్నగా కత్తిరించండి. షీటు లోపలివైపు మెరవకూడదు. మెరిస్తే అదే వెలుతురు మళ్లీ తెరమీద పడుతుంది.

చూసేటప్పుడు కన్ను గూటికి ఆనించవద్దు. తెర నుండి జానెడు దూరానికి పైగా ఉంచితేనే బొమ్మ స్పష్టంగా ఉంటుంది. చదువుకునే కళ్లజోడు ఉన్నవారు పెట్టుకొని చూడాలి. గూటికి భూతద్దం అతికించాలనుకునేవారు ఒక జాగ్రత్త పాటించండి: అద్దం గుండా ఎండ పడితే తెర కాలిపోతుంది, అందులోంచి సూర్యుని వైపు ఎన్నడూ చూడరాదు.

ఈ సంక్రాంతి సెలవుల్లో చెరకు తోట గట్టుమీద పెదనాన్నగారిని, పెద్దమ్మగారిని పట్టపగలే నిలబెట్టి తీశాం. తలపాగా అంచుతో సహా ముఖాలు నిండుగా వచ్చాయి.

మీ ఇంట్లో పెద్దవారున్నారా? ఈ శనివారం సాయంత్రం ఓ గంట కూర్చుని గూడు చేయండి. ఆదివారం ఆరాధన అయ్యాక వారిని వెలుతురులో నిలబెట్టి ఒక ఫోటో తీయండి. వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.