కప్పు కారుతోందని బడి మూస్తారా?

అమెరికా బళ్ల గొడవ మన వ్యవసాయ కార్మికులకెందుకని ఎవరైనా అడగవచ్చు. అక్కడి కార్మికవాడల్లో ముప్పయ్యేళ్లకు పైగా నలుగుతున్న ఆ తగాదా వింటే మన ఊరి బడి గోడలే కళ్లముందు కదలాడతాయి. అందుకే ఈ ప్రస్తావన.

అక్కడ ‘చార్టర్’ బళ్లనే ఏర్పాటు ఉంది. 1991లో మిన్నెసోటా రాష్ట్రం ఇందుకు తొలి చట్టం చేసింది. ఫీజుండదు. డబ్బు సర్కారుది, పెత్తనం ప్రైవేటు బోర్డుది. “బీదవాడి బిడ్డకు మంచి బడి ఎంచుకునే హక్కు వద్దా?” అంటారు దీన్ని మెచ్చేవారు. కొట్టిపారేయదగిన మాట కాదు. బోస్టన్ వంటి చోట్ల కొన్ని చార్టర్ బళ్లలో పేద పిల్లలు బాగానే చదివారు కూడా.

మరి పేచీ ఎక్కడ? లెక్కలో. పిల్లవాడు బడి మారితే వాడి పేరిట వచ్చే సొమ్ములో పెద్ద భాగం వాడి వెంటే పోతుంది. పాతికమంది ఉన్న తరగతిలో ముగ్గురు వెళ్లిపోయారనుకోండి. పంతులు జీతం తగ్గుతుందా? చలికాలంలో గదిని వెచ్చబెట్టే ఖర్చు తగ్గుతుందా? ఆ ముగ్గురూ పోయారని కప్పు కారడం మానుతుందా? ఖర్చంతా మిగిలిన 22 మంది నెత్తినే. పైగా అక్కడ బడి భవనాల ఖర్చు చాలా మటుకు ఆ ఊరి ఇళ్ల, స్థలాల పన్నుల మీదే నడవాలి. పేదల పేటలో ఆ పన్ను ఎంత రాలుతుంది?

మోటారు కార్మికుల నగరం డెట్రాయిట్‌లో సుమారు సగం మంది పిల్లలు చార్టర్ బళ్లకు చేరారు. మిగిలిన సర్కారు బళ్ల గోడలకు బూజు, గదుల్లో ఎలుకలు. 2016 జనవరిలో టీచర్లు మూకుమ్మడిగా సెలవు పెట్టి ఎక్కువ బళ్లు మూయించాకే ఈ గతి దేశానికి తెలిసింది. చికాగోలో 2013లో ఒక్కసారే సుమారు 50 బళ్లకు తాళం పడింది. పిల్లలు తక్కువ, ఖజానాలో లోటు, పాత భవనాల మరమ్మతు భారం అన్నారు అధికారులు. వీధిన పడ్డవారిలో అత్యధికులు నల్లజాతి పిల్లలు. అదే నగరంలో ఆ ఏళ్లలోనే కొత్త చార్టర్ బళ్లు తెరుచుకుంటూ వచ్చాయి. మరమ్మతు చేయకపోతే పిల్లలు పోతారు, పిల్లలు పోయారని బడి మూస్తారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

జనం ఊరుకోలేదు. 2016 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలో చార్టర్ బళ్లను ఇంకా పెంచుదామా అని ప్రజల ఓటు అడిగారు. పెంచమనే పక్షాన ధనికులు కోట్ల డాలర్లు కుమ్మరించారు. టీచర్ల సంఘాలు ఎదురు నిలిచాయి. ఊరూరా బడి కమిటీలు వద్దని తీర్మానాలు చేశాయి. 62 శాతం మంది వద్దన్నారు.

మన దగ్గర చార్టర్ బళ్లు లేవు. కాని ‘పిల్లలు తక్కువ’ అనే పాట మనకు కొత్తదా? ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతుల్ని ఊరిబడి నుంచి హైస్కూళ్లకు తరలించారు. పొద్దున్నే నాట్లకు పోయే తల్లి ఆ పసివాణ్ణి రోడ్డు దాటించి ఎట్లా దిగబెడుతుంది? తల్లిదండ్రులు పలుచోట్ల రోడ్డెక్కారు. 2025లో ఆ జీవో రద్దయింది.

కాబట్టి తాళం పడ్డాక లబలబలాడితే లాభం లేదు. పెచ్చులూడిన నాడే కదలాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయవలసింది ఆ కమిటీయే. మన వాడల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఆ కుర్చీల్లో కూర్చున్నదెవరు? కార్యకర్తలు ముందుగా ఇది విచారించాలి. కారుతున్న గది, లేని మరుగుదొడ్డి, పనిచేయని బోరింగు కాగితం మీదికెక్కాలి. ఆ కాగితం పట్టుకుని కూలిజనం మండలాఫీసు మెట్లెక్కాలి. కూలిరేటు కోసం పట్టిన పట్టే బడి కప్పు కోసమూ పట్టాలి.