రేడియేషన్ తరువాత ప్రేగుల బాధ: దాచుకోకూడని సంగతి

కృష్ణానగర్‌లో నివసిస్తూ చిత్రీకరణలలో దుస్తుల విభాగంలో పనిచేసే ఒక మహిళ కొంతకాలం క్రితం నా సలహా కోసం వచ్చారు. ఏడాదిగా విరేచనంలో రక్తం పడుతోంది. మొలలనుకొని మందుల దుకాణంలో పూతమందు కొని వాడుకుంటున్నారు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలలో వీధి చిత్రీకరణ ఉన్ననాడు, మరుగుదొడ్డి దొరకదేమోనన్న భయంతో ఉదయం నుంచి ఏమీ తినరు, నీరు కూడా త్రాగరు. వెళ్ళబోతూ, మూడేళ్ళ క్రితం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నానని చెప్పారు. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "అది ఎప్పుడో అయిపోయింది కదండీ" అన్నారు.

చికిత్స అయిపోయింది; దాని ప్రభావం అయిపోలేదు.

ప్రేగుల లోపలి శ్లేష్మపు పొరలోని కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. త్వరగా విభజన చెందే కణాలను రేడియేషన్ ఎక్కువగా దెబ్బతీస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలపాటు, మొత్తం 45 నుంచి 50 గ్రేల రేడియేషన్ బయటినుంచి ఇస్తారు. ఆపై లోపలినుంచి కూడా ఇస్తారు. గర్భాశయానికి వెనుకనే పురీషనాళం, పైన చిన్నప్రేగు చుట్టలు ఉంటాయి. అందువలన చికిత్స జరుగుతుండగానే కొందరికి నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. చికిత్స ముగిసిన కొన్ని వారాలలో ఇవి చాలామందికి తగ్గిపోతాయి.

రెండవ రకం హాని నెలల తరువాత, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరువాత బయటపడుతుంది. ప్రేగుగోడలోని సూక్ష్మ రక్తనాళాలు సన్నబడి రక్తప్రసరణ తగ్గుతుంది. పీచు కణజాలం పెరిగి గోడ గట్టిపడుతుంది. పైపొరలో పుట్టే పెళుసైన రక్తనాళాలు చిట్లి రక్తం పడుతుంది. కొందరిలో ప్రేగు ఇరుకవుతుంది. చిన్నప్రేగు చివరిభాగం దెబ్బతింటే విటమిన్ బి12, పైత్యలవణాలు సరిగా గ్రహింపబడవు. ఆగని విరేచనాలకు అదొక కారణం.

ఇది చదివి రేడియేషన్‌కు ఎవరూ వెనుకాడవద్దు. ఆమె ప్రాణం నిలిపినది ఆ చికిత్సే. నా ఆక్షేపణ మన మౌనం మీద. మధుమేహం ఉందా, రక్తపోటు ఉందా అని అలవాటుగా అడిగిన నేను, నా ఉద్యోగకాలంలో "ఎప్పుడైనా రేడియేషన్ తీసుకున్నారా?" అని ఎందరిని అడిగాను? తక్కువమందినే. ఆ ప్రశ్నకు విలువ ఉంది. రేడియేషన్ తగిలిన పురీషనాళపు గోడనుంచి అనాలోచితంగా ముక్క తీస్తే ఆ పుండు మానకపోవచ్చు. అలాగని రక్తమంతా రేడియేషన్ వల్లనే అనుకోనూరాదు. క్యాన్సర్ తిరగబెట్టిందేమో, కొత్తది పుట్టిందేమో పరీక్షించి తేల్చుకోవాలి.

వైద్యం ఉంది. కొలనోస్కోపీతో చూసి, రక్తం కారేచోట ఆర్గాన్ వాయువు సాయంతో మాడ్చవచ్చు. సుక్రాల్ఫేట్ ఎనిమాలు కొందరికి ఉపకరిస్తాయి. బి12 లోపిస్తే సూదిమందు, రక్తహీనతకు ఇనుము ఇవ్వాలి. పైత్యలవణాల వలన కలిగే విరేచనాలకు వేరే మందులున్నాయి.

క్యాన్సర్ అన్న మాటను దాచకుండా పలకడం మనకు కొంత నేర్పినది చిత్రసీమే. నందమూరి తారకరామారావు గారు భార్య పేరిట సంకల్పించిన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది. 2013లో అక్కినేని నాగేశ్వరరావు గారు తనకు క్యాన్సర్ అని పాత్రికేయుల ఎదుటే ప్రకటించారు. అంత పెద్దమాట పలకగలిగిన మనం విరేచనం మాట దగ్గర ఇంకా సిగ్గుపడుతున్నాం.

రేడియేషన్ తీసుకున్నవారు ఏ భాగానికి, ఎంత మోతాదు, ఏ సంవత్సరం అన్న వివరాలున్న కాగితాన్ని భద్రపరచుకోండి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా అడగకముందే చూపించండి. వైద్యమిత్రులారా, మీరు అడగండి. చిత్రనిర్మాతలకు ఒక మనవి: తారలకు కారవాన్ ఉన్నచోట, దుస్తులు ఇస్త్రీ చేసే ఆమెకు శుభ్రమైన మరుగుదొడ్డి ఒకటి ఏర్పాటు చేయించండి.

ఆర్గాన్ చికిత్స తరువాత ఆమెకు రక్తం పడటం బాగా తగ్గింది. పనికి వెళ్తున్నారు. నీళ్ళు మాత్రం ఇంకా సందేహిస్తూనే త్రాగుతున్నారు.